వన్యప్రాణి వైద్యశాలల్లో పశువైద్య నర్సింగ్ విద్యార్థుల శిక్షణ

బ్రిటన్‌లో పశువైద్య నర్సింగ్ చదివే విద్యార్థులు తమ కోర్సులో భాగంగా నిర్ణీత గంటలపాటు ఆసుపత్రులలో పనిచేస్తూ నేర్చుకోవాలి. ఈ శిక్షణను ఆంగ్లంలో ప్లేస్‌మెంట్ అంటారు. ఎక్కువమంది దీనిని కుక్కలు, పిల్లులు వచ్చే సాధారణ పశువైద్యశాలల్లో పూర్తిచేస్తారు. కొద్దిమంది మాత్రం కొంతకాలాన్ని గాయపడిన, జబ్బుపడిన, తల్లిని కోల్పోయిన అడవి జంతువులకు, పక్షులకు చికిత్స చేసే వన్యప్రాణి వైద్యశాలల్లో గడుపుతారు. ఇక్కడికి వచ్చే రోగికి యజమాని ఉండడు, పేరు ఉండదు, పూర్వ వైద్య చరిత్ర ఉండదు. చికిత్స ఫలించిందా లేదా అన్నది ఆ ప్రాణి తిరిగి స్వేచ్ఛగా బ్రతకగలదా అన్నదానిని బట్టే తేలుతుంది. అందువల్ల పెంపుడు జంతువుల ఆసుపత్రిలో అలవడిన పద్ధతులు కొన్ని ఇక్కడ తారుమారవుతాయి.

నేపథ్యం

పశువైద్య నర్సు అనే వృత్తి తెలుగు పాఠకులకు అంతగా పరిచయం లేనిది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో పశువుల ఆసుపత్రిలో డాక్టరుకు తోడుగా పనిచేసేవారిలో పలువురు పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లలో రెండేళ్ళ డిప్లొమా చదివినవారు. వారి పని ప్రధానంగా పాడిపశువులు, గొర్రెలు, టీకాలు, కృత్రిమ గర్భధారణ చుట్టూ తిరుగుతుంది. బ్రిటన్‌లోని పశువైద్య నర్సు పని మనుషుల ఆసుపత్రిలోని నర్సు పనికి దగ్గరగా ఉంటుంది. మత్తులో ఉన్న జంతువు ఊపిరిని, గుండెను కనిపెట్టుకొని ఉండడం, సెలైన్ ఎక్కించడం, ఎక్స్-రే తీయడం, రక్తం, మలం పరీక్షించడం, కట్లు కట్టడం, ఆపరేషన్ గదిని సిద్ధం చేయడం, వార్డులోని రోగుల ఆలనాపాలనా చూడడం ఇందులోకి వస్తాయి.

ఈ వృత్తికి క్రమబద్ధమైన శిక్షణను 1961లో రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ (ఆర్‌సీవీఎస్) ప్రారంభించింది. అప్పట్లో నర్సు అన్న పదం చట్టరీత్యా మనుషులకు సేవచేసే నర్సులకే పరిమితమై ఉండడంతో, శిక్షణ పొందినవారిని యానిమల్ నర్సింగ్ ఆక్సిలరీలు అని పిలిచారు. పశువైద్య నర్సు అన్న పేరు 1984లో గానీ అధికారికంగా దక్కలేదు. 2015లో వచ్చిన రాయల్ ఛార్టరు ఈ వృత్తికి ప్రత్యేక గుర్తింపును, నియంత్రణను కల్పించింది. కోర్సు పూర్తిచేసి ఆర్‌సీవీఎస్ జాబితాలో నమోదైనవారిని రిజిస్టర్డ్ వెటర్నరీ నర్సులు అంటారు.

వన్యప్రాణి వైద్యశాలలు

బ్రిటన్‌లోని వన్యప్రాణి వైద్యశాలలు దాదాపుగా అన్నీ విరాళాలతో నడిచే ధర్మసంస్థలే. వీటిలో బాగా పేరున్నది బకింగ్‌హామ్‌షైర్‌లోని హాడెన్‌హామ్ గ్రామంలో ఉన్న టిగ్గీవింకిల్స్. లెస్ స్టాకర్ కుటుంబం 1978లో ఎయిల్స్‌బరీలోని ఇంటి పెరటిలో మొదలుపెట్టిన ఈ సేవ 1983లో ధర్మసంస్థగా నమోదై, 1991లో హాడెన్‌హామ్‌లోని ప్రత్యేక భవనంలోకి మారింది. బియాట్రిక్స్ పాటర్ 1905లో రాసిన పిల్లల కథలోని చాకలి హెడ్జ్‌హాగ్ పేరే దీనికి పెట్టారు. స్టాకర్ పశువైద్యుడు కాదు. అయినా ఆయన 2000లో ప్రచురించిన ప్రాక్టికల్ వైల్డ్‌లైఫ్ కేర్ అనే పుస్తకం నర్సులకు, పశువైద్యులకు, పునరావాస కార్యకర్తలకు చేతిపుస్తకంగా ఉపయోగపడింది. ఆయన 2016లో మరణించాడు.

చెషైర్‌లో రాయల్ సొసైటీ ఫర్ ది ప్రివెన్షన్ ఆఫ్ క్రూయెల్టీ టు యానిమల్స్ (ఆర్‌ఎస్‌పీసీఏ) నడిపే స్టేపిలీ గ్రేంజ్, సర్రేలోని వైల్డ్‌లైఫ్ ఎయిడ్, గ్లాస్టర్‌షైర్‌లోని వేల్ వైల్డ్‌లైఫ్ హాస్పిటల్, స్కాట్లాండులో ఫిష్‌క్రాస్ వద్దనున్న జాతీయ వన్యప్రాణి కేంద్రం మరికొన్ని ప్రముఖ సంస్థలు. ఈ రంగంలో పనిచేసేవారిని ఒకచోటికి తెచ్చే బ్రిటిష్ వైల్డ్‌లైఫ్ రిహాబిలిటేషన్ కౌన్సిల్ 1987లో ఏర్పడింది. ఇంగ్లాండులో వన్యప్రాణి పునరావాస కేంద్రం నడపడానికి ప్రత్యేకమైన లైసెన్సు విధానం లేదు. అందువల్ల చిన్న షెడ్డులో ఒక్కరు నడిపే కేంద్రం మొదలుకొని ఆపరేషన్ థియేటరు, ఎక్స్-రే గది ఉన్న ఆసుపత్రి వరకు అన్ని స్థాయిల సంస్థలూ కనిపిస్తాయి. నర్సింగ్ విద్యార్థికి లెక్కలోకి వచ్చే శిక్షణ ఇవ్వగలిగేవి వీటిలో కొన్ని మాత్రమే.

శిక్షణ ఏర్పాటు

నర్సింగ్ విద్యార్థి డిప్లొమా మార్గంలో గానీ డిగ్రీ మార్గంలో గానీ చదవవచ్చు. రెండింటిలోనూ కనీసం 1,800 గంటల ఆసుపత్రి శిక్షణ తప్పనిసరి. ఈ గంటలు ఆర్‌సీవీఎస్ ప్రమాణాల ప్రకారం ఆమోదం పొందిన శిక్షణ ఆసుపత్రిలో జరగాలి. విద్యార్థికి క్లినికల్ కోచ్ అనే మార్గదర్శి ఉంటారు. ఆ వ్యక్తి రిజిస్టర్డ్ నర్సు గానీ పశువైద్యుడు గానీ అయి ఉండాలి. విద్యార్థి చేసిన ప్రతి పనినీ నైపుణ్యాల పట్టికలో నమోదు చేస్తే, కోచ్ దానిని పరిశీలించి ఆమోదిస్తారు.

వన్యప్రాణి వైద్యశాలకు వచ్చే చిక్కు ఇక్కడే ఉంది. పట్టికలోని నైపుణ్యాలలో చాలావాటికి కుక్కలు, పిల్లులు, కుందేళ్ళ వంటి పెంపుడు జంతువులు, వాటి యజమానులు కావాలి. పిల్లికి రక్తపోటు చూడడం, టీకాల గురించి యజమానికి వివరించడం, పళ్ళ శుభ్రత నేర్పడం వంటివి హంసల వార్డులో దొరకవు. ఇటువంటి పరిమిత అవకాశాలున్న సంస్థల కోసం అనుబంధ శిక్షణ ఆసుపత్రి అన్న హోదా ఉంది. విద్యార్థి ప్రధాన శిక్షణ ఒక సాధారణ ఆసుపత్రిలో జరుగుతుంది. కొన్ని వారాలు వన్యప్రాణి వైద్యశాలలో పనిచేసి, మత్తు పర్యవేక్షణ, ద్రవచికిత్స, ప్రయోగశాల పరీక్షలు వంటి అంశాలను అక్కడ పూర్తిచేసుకోవచ్చు. కోర్సు గంటలతో సంబంధం లేకుండా సెలవుల్లో స్వచ్ఛంద సేవకులుగా వెళ్ళే విద్యార్థులు కూడా ఉంటారు. కానీ ఆ గంటలు శిక్షణ లెక్కలోకి రావు. అంతకన్నా ముఖ్యంగా, సేవకుని హోదాలో చేయదగిన పనులకు, నమోదైన విద్యార్థి హోదాలో చేయదగిన పనులకు మధ్య చట్టరీత్యా పెద్ద తేడా ఉంది.

చట్టపరమైన పరిధి

1966 నాటి వెటర్నరీ సర్జన్స్ చట్టం ప్రకారం జంతువులకు రోగనిర్ధారణ, శస్త్రచికిత్స చేయడం నమోదైన పశువైద్యుల పని. చట్టంలోని మూడవ షెడ్యూలు కొన్ని మినహాయింపులు ఇస్తుంది. దాని ప్రకారం పశువైద్యుని ఆదేశంపై రిజిస్టర్డ్ నర్సు వైద్య చికిత్సను, శరీర కుహరంలోకి ప్రవేశించని చిన్న శస్త్రచికిత్సను చేయవచ్చు. నమోదైన విద్యార్థి కూడా ఈ పనులు చేయవచ్చు గానీ పశువైద్యుడో రిజిస్టర్డ్ నర్సో పర్యవేక్షించాలి. శస్త్రచికిత్స అయితే పర్యవేక్షించేవారు ప్రక్కనే ఉండి, మొదటినుండి చివరివరకు స్వయంగా చూస్తూ ఉండాలి. ఈ నిబంధన ఏ జంతువుకైనా వర్తిస్తుంది. యజమాని లేడు కదా అని నక్క కాలిగాయానికి స్వతంత్రంగా కుట్లు వేసే హక్కు విద్యార్థికి రాదు.

అడవి ప్రాణిని పట్టుకొని ఉంచుకోవడం మామూలుగా అయితే నేరం కావచ్చు. 1981 నాటి వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ చట్టం గాయపడి అశక్తమైన పక్షిని చికిత్స కోసమే తీసుకోవడాన్ని అనుమతిస్తుంది. అశక్తత తొలగగానే విడిచిపెట్టాలన్నది షరతు. కోలుకునే అవకాశం లేనంతగా దెబ్బతిన్న పక్షి ప్రాణం తీయడాన్ని కూడా ఆ చట్టం నేరంగా చూడదు. ఇంగ్లాండు, వేల్సులలో 2006 నాటి జంతుసంక్షేమ చట్టం ప్రకారం, మనిషి అదుపులో తాత్కాలికంగా ఉన్న వన్యప్రాణికి కూడా పెంపుడు జంతువుకున్న రక్షణే ఉంటుంది. అంటే పంజరం తలుపు మూసిన క్షణంనుండి ఆ ప్రాణి బాధకు ఆసుపత్రి జవాబుదారీ.

వన్యప్రాణులకోసం ప్రత్యేకంగా అనుమతి పొందిన మందులు చాలా తక్కువ. ఇతర జంతువులకు, అవసరమైతే మనుషులకు ఉద్దేశించిన మందులను నిర్ణీత క్రమంలో వాడుకొనే వీలును ఔషధ నిబంధనలు పశువైద్యునికి కల్పిస్తాయి. మోతాదు లెక్కగట్టడం, కొలిచి సిద్ధం చేయడం విద్యార్థికి రోజువారీ పని. 300 గ్రాముల హెడ్జ్‌హాగ్ శరీరంలో 10 శాతం ద్రవలోటు ఉందంటే పూడ్చవలసింది 30 మి.లీ. మాత్రమే. 30 కిలోల కుక్క విషయంలో కనిపించని దశాంశ బిందువు పొరపాటు ఇక్కడ ప్రాణాంతకం అవుతుంది.

పట్టుకోవడం, పట్టుకోకపోవడం

పెంపుడు జంతువుల ఆసుపత్రిలో మంచి నర్సు లక్షణాలు రోగిని నిమరడం, మెత్తగా మాట్లాడడం, దగ్గర కూర్చోవడం. వన్యప్రాణి దృష్టిలో మనిషి తనను తినడానికి వచ్చిన జంతువు. నిమిరే చేయి దానికి ఓదార్పు కాదు, ఆపద. చేతిలో కదలకుండా కూర్చున్న అడవి కుందేలు శాంతించిందని కొత్త విద్యార్థి అనుకోవచ్చు. నిజానికి అది భయంతో బిగుసుకుపోయి ఉంటుంది. జింకలలో ఈ భయం ప్రాణం మీదికి వస్తుంది. పట్టుబడి పెనుగులాడిన జింక కండరాలు విచ్ఛిన్నమై గంటల్లో గానీ కొన్ని రోజుల తరువాత గానీ చనిపోవచ్చు. అందుకే జింక కళ్ళకు గుడ్డ కప్పుతారు, గదిలో వెలుతురు తగ్గిస్తారు, మాటలు ఆపుతారు.

దీనివల్ల నర్సింగ్ పని స్వరూపమే మారుతుంది. ఉష్ణోగ్రత, నాడి గంటగంటకూ చూడడం కన్నా పంజరం ముందు తెరలోనుండి ఊపిరిని లెక్కించడం, తిన్నదెంతో గిన్నెను తూచి తెలుసుకోవడం, పెంటను పరిశీలించడం మేలు. బరువు చూడడం, గాయం కడగడం, ఇంజెక్షన్ ఇవ్వడం, పంజరం శుభ్రం చేయడం అన్నీ ఒక్కసారి పట్టుకున్నప్పుడే ముగించాలి. కావలసిన సామగ్రి అంతా ముందే అమర్చుకోని విద్యార్థికి రెండవ అవకాశం ఉండదు. నక్కను పక్షుల గదికి దూరంగా ఉంచడం, కుక్కల అరుపులు వినబడని వార్డు ఎంచుకోవడం కూడా చికిత్సలో భాగమే.

సాధారణ రోగులు

హెడ్జ్‌హాగ్ ఈ ఆసుపత్రులకు తరచుగా వచ్చే రోగి. ఒంటినిండా ముళ్ళుండే ఈ చిన్న జంతువు పురుగులను తిని బ్రతుకుతుంది. మనకు తెలిసిన ఏదుపందికి ఇది బంధువు కాదు. బ్రిటన్ క్షీరదాల ఎర్ర జాబితాలో 2020లో దీనిని అపాయంలో ఉన్న జాతిగా చేర్చారు. రాత్రిపూట తిరిగే ఈ జంతువు పగటివేళ బయట కనిపించిందంటే ఏదో తేడా ఉన్నట్లే. భయపడితే బంతిలా చుట్టుకుపోతుంది కాబట్టి, సరిగా పరీక్షించడానికి తరచుగా ఐసోఫ్లూరేన్ వాయువుతో మత్తు ఇవ్వాలి. ఈ కారణంగా మత్తు పర్యవేక్షణ నేర్చుకోవడానికి విద్యార్థికి ఇక్కడ మంచి అవకాశం దొరుకుతుంది. గడ్డికోత యంత్రాల గాయాలు, ఈగలు పెట్టిన గుడ్లు, పురుగులు, ఊపిరితిత్తుల నులిపురుగులు, చర్మంపై తామర వీటిలో సాధారణం. ఊపిరితిత్తులు దెబ్బతిని చర్మం క్రింద గాలి చేరి ఒళ్ళంతా బుడగలా ఉబ్బిపోయే స్థితి మరొకటి. చల్లబడిపోయిన పిల్లకు తిండి పెట్టాలన్న తొందరను విద్యార్థి మొదట అణచుకోవాలి. ముందు వెచ్చదనం, తరువాత ద్రవం, ఆ తరువాతే ఆహారం అన్నది క్రమం. ఆవుపాలు పడవు, విరేచనాలు పట్టుకుంటాయి. చిన్న పిల్లలకు పాలు పట్టినప్పుడల్లా తల్లి నాకినట్లుగా తడి దూదితో పొట్ట అడుగున తుడిస్తేనే మలమూత్రాలు వస్తాయి.

పక్షిపిల్లల గది మే, జూన్ నెలల్లో మరో లోకం. చిన్న పాటపక్షుల పిల్లలకు తెల్లవారినప్పటినుండి చీకటిపడేదాకా అరగంటకో, ఇంకా తక్కువ వ్యవధికో నోటికి అందించాలి. గది చివరి గూటికి చేరేసరికి మొదటి గూడు మళ్ళీ నోరు తెరుస్తుంది. పావురం పిల్ల అలా నోరు తెరవదు. తల్లి గొంతులోని పాలవంటి ద్రవాన్ని తాగి పెరిగే పిల్ల కావడంతో దానికి గొట్టం ద్వారా తినిపించడం నేర్చుకోవాలి. గొట్టం శ్వాసనాళంలోకి జారితే పిల్ల దక్కదు కనుక కోచ్ సమక్షంలోనే మొదలుపెడతారు. ఈ గదికి వచ్చే పిల్లల్లో కొన్ని అసలు రాకుండా ఉండవలసినవి. గూటినుండి దూకి ఎగరడం నేర్చుకొంటున్న పిల్లను, తల్లి పక్క పొదలోనే ఉండగా, జాలితో ఎత్తుకొస్తారు. ఫోను తీసినవారు సరైన ప్రశ్నలు అడిగితే అలాంటి రాకలను ఆపవచ్చు. నైపుణ్యాల పట్టికలో యజమానితో సంభాషణ అన్న అంశానికి వన్యప్రాణి వైద్యశాలలో దగ్గరగా వచ్చేది ఇదే.

హంసలు గాలాలు, దారాలు మింగి, సీసపు విషంతో వస్తాయి. చేపలు పట్టేవారు వాడే చిన్న సీసపు బరువులను ఇంగ్లాండు, వేల్సులలో 1987లో నిషేధించారు. అయినా నదుల అడుగున మిగిలిన పాత సీసం ఇంకా హాని చేస్తూనే ఉంది. మెడ ఎత్తలేక వెనక్కు వాల్చుకొన్న హంసకు ఎక్స్-రే తీసి, రక్తంలో సీసం కొలిచి, దానిని బయటకు లాగే మందును ఇంజెక్షన్లుగా ఇస్తారు. ఇది రోజులతరబడి సాగే నర్సింగ్.

ప్రాణం తీయవలసిన నిర్ణయం

ఈ శిక్షణలో విద్యార్థిని అన్నిటికన్నా కలవరపెట్టేది కారుణ్య మరణం. సాధారణ ఆసుపత్రిలో మూడు కాళ్ళ కుక్క హాయిగా జీవిస్తుంది, ఒక కన్ను పోయిన పిల్లికి ఇంట్లో లోటుండదు. గాలిలోనే వేటాడే డేగకు రెక్క సరిగా అతకకపోతే అడవిలో ఆకలిచావే మిగులుతుంది. దానిని జీవితాంతం పంజరంలో ఉంచడం దయ కాదని ఎక్కువమంది పశువైద్యుల అభిప్రాయం. ఈ వాదన సబబైనదే. బంధనంలో పుట్టని ప్రాణికి ప్రతిరోజూ మనిషిని చూడడమే ఒక శిక్ష. అందుచేత చేర్చుకొన్న గంటల్లోనే పరీక్ష చేసి, విడుదల సాధ్యం కాదని తేలితే, వారాలపాటు బాధపెట్టకుండా అప్పుడే ముగిస్తారు. నిర్ణయం పశువైద్యునిది. మందు కొలిచి పెట్టడం, ప్రాణిని తక్కువ భయంతో పట్టుకోవడం, నియంత్రిత ఔషధాల పుస్తకంలో వివరాలు రాయడం విద్యార్థి వంతు. తెచ్చి ఇచ్చిన మనిషి మరునాడు ఫోను చేసినప్పుడు చెప్పే మాట కూడా నేర్చుకోవలసిందే.

ఇంతకంటే కఠినమైన సందర్భం బూడిదరంగు ఉడుతది. ఉత్తర అమెరికానుండి వచ్చి స్థానిక ఎర్ర ఉడుతలను వెనక్కు నెట్టిన జాతి ఇది. పూర్వం ఇంగ్లాండులో కొన్ని సంస్థలు లైసెన్సు పొంది కోలుకొన్న బూడిద ఉడుతలను, చైనానుండి తెచ్చిన ముంట్‌జాక్ అనే చిన్న జింకలను విడిచిపెట్టేవి. దురాక్రమణ జాతులపై 2019లో వచ్చిన ఉత్తర్వుతో ఆ వీలు పోయింది. గాయం నయం చేయగలిగినా విడుదల చేయరాని ఆరోగ్యవంతమైన పిల్లను విద్యార్థి చేతుల్లోకి తీసుకొనే పరిస్థితి ఇది. జాతిని కాపాడడానికి ఎదుటనున్న ప్రాణిని వదులుకోవచ్చా అన్న ప్రశ్నకు పర్యావరణవేత్తలు ఒక సమాధానం, జంతుప్రేమికులు మరొకటి చెబుతారు. నర్సింగ్ విద్యార్థి ఏ పక్షంవాడైనా చట్టం మాత్రం ఒకటే.

అంటువ్యాధులు

నక్కల గజ్జి, హెడ్జ్‌హాగ్ తామర మనుషులకు అంటుకొంటాయి. గబ్బిలాల విషయం మరింత తీవ్రమైనది. 2002లో స్కాట్లాండులో గబ్బిలాలతో పనిచేసే ఒక వ్యక్తి గబ్బిలాలలో ఉండే రేబిస్ జాతి వైరస్‌తో మరణించాడు. అప్పటినుండి రేబిస్ టీకా వేయించుకోని విద్యార్థులను గబ్బిలాల దగ్గరకు రానివ్వకపోవడం, టీకా ఉన్నవారు కూడా చేతి తొడుగులు ధరించడం ఆనవాయితీ అయింది. బాడ్జర్లు పశువుల క్షయను మోయగలవు. పెంచిన బాడ్జర్ పిల్లలకు విడుదలకు ముందు మూడుసార్లు రక్తపరీక్ష చేయాలని సంబంధిత సంస్థల ఒడంబడిక చెబుతుంది. 2021, 2022 సంవత్సరాలలో పక్షి ఫ్లూ విజృంభించినపుడు నీటిపక్షులను, సముద్రపక్షులను చేర్చుకోవడాన్ని పలు వైద్యశాలలు పరిమితం చేశాయి. విద్యార్థి అదే వారంలో పిల్లుల ఆసుపత్రికి కూడా వెళ్ళవలసి ఉంటుంది కనుక బట్టలు, చెప్పులు వేరుగా ఉంచుకోవాలి.

విడుదల

అంతా సవ్యంగా జరిగితే ప్రాణి తన చోటికి తిరిగి వెళుతుంది. పెద్ద బాడ్జర్లకు సొంత నేల, సొంత కుటుంబం ఉంటాయి కనుక దొరికినచోటే విడవాలి. ఇందుకోసం చేర్చుకొన్న రోజునే చిరునామా స్పష్టంగా రాసుకోవడం నర్సింగ్ రికార్డులో అతిముఖ్యమైన పంక్తి. చేతితో పెంచిన నక్కపిల్లలను గుంపుగా ఉంచి, మనిషి కనబడకుండా తిండి పెట్టి, పొలం అంచున తాత్కాలిక ఆవరణలో అలవాటు చేసి మెల్లగా వదులుతారు. మనిషికి మచ్చికైన నక్క విఫలమైన చికిత్స క్రిందే లెక్క. శరత్కాలంలో ఆలస్యంగా పుట్టిన హెడ్జ్‌హాగ్ పిల్లలు శీతనిద్రకు తగిన కొవ్వు చేరకముందే చలి వస్తుంది. వాటిని సుమారు 450 గ్రాముల బరువు దాటేదాకా పెంచి వదలడం ఇప్పటి సలహా. ఒకప్పుడు 600 గ్రాములు అనేవారు.

ఇతర దేశాల్లో

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం బీర్వా వద్ద 2004లో ప్రారంభమైన ఆస్ట్రేలియా జూ వైల్డ్‌లైఫ్ హాస్పిటల్ ఈ రంగంలో పేరున్నది. అక్కడ కోలాలు ముఖ్యమైన రోగులు. అమెరికాలో నర్సు అన్న పేరుకు బదులు వెటర్నరీ టెక్నీషియన్ అన్న పేరు వాడుకలో ఉంది, ప్లేస్‌మెంటును ఎక్స్‌టర్న్‌షిప్ అంటారు.

భారతదేశంలో 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం డిప్లొమా చదివినవారికి నమోదైన పశువైద్యుని పర్యవేక్షణలో చిన్నపాటి పశువైద్య సేవలు చేసే వీలు కల్పిస్తుంది. వన్యప్రాణులు మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద అటవీశాఖ పరిధిలోకి వస్తాయి కాబట్టి ఏ చికిత్సా కేంద్రమైనా ఆ శాఖతో కలిసి పనిచేయాలి. అస్సాంలో కాజీరంగా సమీపాన 2002లో నెలకొల్పిన వన్యప్రాణి పునరావాస కేంద్రం, మథురలో 2018లో తెరచిన ఏనుగుల ఆసుపత్రి ఇందుకు ఉదాహరణలు.